ఆశీర్వాదం అయ్యాక అరగంట

మియాపూర్ చుట్టుపక్కల ఏ సంఘానికైనా ఆదివారం వెళ్లి చూడండి. అయ్యగారు చేతులెత్తి ఆశీర్వాదం పలుకుతుండగానే కొందరు బండి తాళాలు వెతుక్కుంటుంటారు. ఆమేన్ అన్న రెండు నిమిషాలకే మెట్ల దగ్గర చెప్పుల కోసం తోపులాట, కింద రోడ్డు మీద హారన్లు. ఒకరికి మధ్యాహ్నం షిఫ్టు, ఒకరికి పిల్లాడి ట్యూషన్. ఇంకొకాయన ఆ వారం ఆన్‌కాల్‌లో ఉన్నాడు, వాక్యం మధ్యలోనే రెండుసార్లు ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లొచ్చాడు. పావుగంటలో హాలు ఖాళీ. కుర్చీలు మడిచే కుర్రాళ్లు, కీబోర్డు సంచిలో సర్దే అమ్మాయి, కానుక లెక్కపెట్టే ట్రెజరర్ గారు మిగులుతారు.

వెళ్లిపోయినవాళ్లకు భక్తి తక్కువని నేననను. వారంలో ఐదు రాత్రులు అమెరికా వేళలకు పనిచేసి, ఆదివారం పొద్దున్నే లేచి, పిల్లలకు తలస్నానాలు చేయించి, బట్టలు ఇస్త్రీ చేసుకుని రావడం చిన్న భక్తి కాదు. కానీ కొన్నాళ్లకు ఈ మనుషులే "ఆరాధన బాగుంటుందండీ, వాక్యమూ బాగుంటుంది, అయినా ఏదో వెలితి" అంటారు. "మేం మూడు వారాలు రాకపోయినా ఎవరూ అడగలేదు" అని బాధపడతారు. ఆ వెలితిని పూడ్చుకోవడానికి ఇంకో చర్చి వెతుక్కుంటారు. అక్కడా ఆశీర్వాదం అవగానే బయల్దేరతారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒకే ఒక్క మాట. సంఘంలో భక్తి నిలవాలన్నా, సంతోషం కలగాలన్నా, మనసులు కలవాలన్నా ఆశీర్వాదం అయ్యాక ఒక అరగంట ఆగండి. మిగతాదంతా ఆ అరగంటలో ఏం చేయాలన్న వివరమే.

ఇది నా సొంత నమ్మకం మాత్రమే అనుకోకండి. 2010లో చేయూన్ లిమ్, రాబర్ట్ పుట్నమ్ అనే ఇద్దరు పండితులు అమెరికన్ సోషియలాజికల్ రివ్యూ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది తేడాతో అవే మనుషులను రెండుసార్లు ప్రశ్నించి చూశారు. ఆరాధనకు క్రమంగా వెళ్లేవాళ్లు జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారన్నది అందరూ ఊహించిందే. ఊహించనిది ఏంటంటే, ఆ తృప్తి చాలావరకు సంఘంలో దగ్గరి స్నేహితులున్నవాళ్లకే దక్కింది. ప్రతివారం వెళ్తూ కూడా అక్కడ ఒక్క స్నేహితుడైనా లేనివాళ్లు, అసలు వెళ్లనివాళ్ల కన్నా సంతోషంగా ఏమీ లేరు. ఈ మాట విని సంఘ పెద్దలు కాసేపు ఆలోచించాలి. సౌండ్ సిస్టమ్ మార్చడానికి పెట్టే శ్రద్ధలో సగం ఈ పని మీద పెడితే చాలు.

పక్క కుర్చీలో ఎవరున్నారు

ఊళ్లో అయితే ఇది ఇంత కష్టం కాదు. ఊళ్లో సంఘమంటే ఒకే పేట, ఒకే మిషన్, తాతల నాటి పరిచయాలు. మియాపూర్ అలాంటిది కాదు. అల్విన్ కాలనీ, మదీనాగూడ, హఫీజ్‌పేట, బాచుపల్లి, నిజాంపేట నుంచి వచ్చి ఒక ఫంక్షన్ హాల్లోనో, ఒక బిల్డింగు మూడో అంతస్తులోనో కూర్చున్న వందమందిలో ఏ ఇద్దరిదీ ఒక దారి కాదు. మీ పక్క కుర్చీలో ఉన్న ఒంగోలు ఆయన ముత్తాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఒకరై ఉండొచ్చు. ముందు వరసలో ఉన్న గుంటూరు కుటుంబం, 1842లో హెయ్యర్ దొర వచ్చిన నాటి నుంచీ లూథరన్లమని చెప్పుకునే ఇల్లు కావచ్చు. వెనకాల కూర్చున్నావిడ అమ్మమ్మ, కరువు రోజుల్లో పోస్నెట్ దొర పని కల్పించి అన్నం పెడితే మెదక్ దేవాలయానికి రాళ్లు మోసి ఉండొచ్చు. ఆ దేవాలయం 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. ఇంకొకరు ఇంట్లో మొట్టమొదటి విశ్వాసి. ఇంటివాళ్లకు తెలియకుండా వస్తున్నారు.

ఒకరికి పసితనంలోనే చిలకరింపు బాప్తిస్మం అయింది, ఒకరికి పెద్దయ్యాక ముంపు. ఒకరింట్లో ఆడవాళ్లు నగ ముట్టరు, ఇంకొకరింట్లో పండగంటేనే గాజుల గలగల. ఒకరు పెదవి కదలకుండా ప్రార్థిస్తారు, ఒకరు గొంతెత్తితే కానీ ప్రార్థించినట్టు అనిపించదు. ఇంతమందిని ఒకే పాట పాడించగానే మనసులు కలిసిపోయాయని అనుకోవడం తొందరపాటు.

కాబట్టి అరగంటలో మొదటి పని ఇది. తెలియని ఒక్క మనిషి దగ్గరికి వెళ్లి ఒక ప్రశ్న అడగండి: "మీ ఇంట్లో మొదట ప్రభువును నమ్ముకున్నది ఎవరండీ?"

ఈ ప్రశ్నే ఎందుకంటే, మనకు అలవాటైన ప్రశ్నలు వేరే దారి పట్టిస్తాయి. "ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఆ ఊళ్లో ఫలానావాళ్లు మీకేమవుతారు" అని అడిగేవాళ్లలో చాలామంది కులం ఆరా తీస్తున్నారని అడిగించుకునేవాళ్లకు తెలుసు. వాళ్ల మొహంలో నవ్వు అక్కడే ఆగిపోతుంది. "ఏ కంపెనీ, ఎన్నేళ్ల ఎక్స్‌పీరియన్స్" అన్నది జీతం కొలవడానికి. పైన చెప్పిన ప్రశ్న అడిగితే మాత్రం ఎవరైనా సరే ఒక కథ చెబుతారు. నాయనమ్మ జబ్బు, మిషన్ ఆసుపత్రి నర్సమ్మ, రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటావిడ చెప్పిన ప్రార్థన, హాస్టల్లో దొరికిన కొత్త నిబంధన. ఆ కథ విన్నాక ఆ మనిషి మీకు కొత్తవారు కారు.

విన్నది ఆదివారంతో వదిలేయకండి. పేరు, వాళ్లింట్లో ఉన్న ఒక అవసరం ఫోన్లో రాసుకోండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు క్యాబ్‌లోనో, మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారేలోపునో ఆ ఒక్క కుటుంబం కోసమే ప్రార్థించండి. "అందరినీ దీవించు ప్రభువా" అనే ప్రార్థన తప్పేమీ కాదు గానీ, దానివల్ల ఎవరి మీదా ప్రేమ పెరగదు. "ఆ తమ్ముడికి బుధవారం స్కానింగ్ ఉంది" అని పేరు పెట్టి ప్రార్థిస్తే, గురువారం మీ వేళ్లు వాటంతటవే ఫోన్ చేస్తాయి. భక్తి నిలబడేది ఇలాగే. మనం ఎవరి కోసం ప్రార్థిస్తామో వాళ్ల కోసం వచ్చే ఆదివారం ముందుగా వస్తాం, ఆలస్యంగా వెళ్తాం.

అన్నం దగ్గర

కలిసి తినకుండా సంఘం కలవదన్న సంగతి మన హైదరాబాద్ వాళ్లకు ఒకరు దగ్గరుండి నేర్పారు. ఆయన భక్త సింగ్ గారు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదువు కోసం పడమటి దేశాలకు వెళ్లి, కెనడాలో క్రీస్తును నమ్ముకుని, 1933లో తిరిగి వచ్చారు. 1950లో గోల్కొండ చౌరస్తా దగ్గర ఆయన ప్రార్థనా మందిరం హెబ్రోను మొదలైంది. 2000 సెప్టెంబరులో కన్నుమూసే వరకు హైదరాబాదే ఆయన ఊరు. హెబ్రోనులో చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటారు. ఆరాధన, రొట్టె విరవడం, వాక్యం అన్నీ అయ్యాక ఎవరూ ఇంటికి పోరు, ప్రేమ విందుకు బంతిలో కూర్చుంటారు. ఏటా జరిగే పెద్ద కూడికల్లో వేలమందికి వండి పెట్టేవాళ్లు.

బంతిలో కూర్చుంటే జరిగే మేలు చాప మీద కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. కుర్చీలో ఉన్నప్పుడు ఆఫీసరు ఆఫీసరే. నేల మీద మఠం వేసుకుని, పప్పు వడ్డించేవాడి కోసం తలెత్తి చూస్తున్నప్పుడు ఆఫీసరూ, సెంట్రింగ్ పనివాడూ ఒకే ఎత్తులో ఉంటారు.

మియాపూర్ సంఘాల్లో ప్రతివారం భోజనం పెట్టడం అందరికీ కుదరదు. అద్దె హాలు ఒంటిగంటకల్లా ఖాళీ చేయాలంటారు. అయితే నెలకో ఆదివారం అన్నం, మిగతా ఆదివారాల్లో టీ, ఉప్మా చాలు. ఏం పెట్టారన్నది కాదు, ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరు గిన్నెలు కడిగారు అన్నది జాగ్రత్తగా చూడండి. మన సంఘాల్లో ఇళ్లలో పనిచేసే అక్కలు చాలామంది ఉంటారు. వారమంతా నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోమిన ఆ అక్క, ఆదివారం చర్చిలోనూ పంపు దగ్గరే కనబడితే, మనం పాడిన పాటలన్నీ ఆవిడ విన్నది కుళాయి చప్పుడులోనే. పనుల జాబితా గోడకు అంటించండి. గిన్నెల వంతులో మేనేజర్ల పేర్లు, డాక్టర్ల పేర్లు, అయ్యగారి పేరు కూడా ఉండాలి. ఆ అక్క పేరు మొదటి నెలంతా ఉండకూడదు. పెద్దాయన ఒకాయన చొక్కా చేతులు మడిచి గుండిగ తోముతుంటే, ఆవిడ పక్కనే నిలబడి "అట్ల కాదన్నా, పీచు గట్టిగ పట్టాలె" అని నవ్వుతూ చెప్పే రోజు రావాలి. ఏకమనస్సు మీద పది ప్రసంగాలు చేసినా ఆ పని జరగదు.

కొరింథు సంఘంలో పౌలుకు కోపం వచ్చింది ఈ చోటే. ఉన్నవాళ్లు ముందు వచ్చి తినేశారు. పని ముగించుకుని ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఏమీ మిగల్లేదు. అలాంటి భోజనాన్ని ప్రభువు బల్ల అని పిలవడానికి పౌలు ఒప్పుకోలేదు. కాబట్టి వాచ్‌మన్ డ్యూటీ దిగి ఒంటిగంటకు వచ్చే తమ్ముడి కోసం ఒక ప్లేటు ముందే తీసి పెట్టండి.

ఇక్కడే కులం సంగతి కూడా సూటిగా చెప్పాలి. క్రీస్తులో కులం లేదని ప్రతి చర్చిలోనూ చెబుతారు. మాల, మాదిగ సంఘాలని విడిగా చెప్పుకునే ఊళ్లూ, పెద్ద కులాల విశ్వాసులకు విడిగా గౌరవం దక్కే కూడికలూ మనకు తెలియనివి కావు. నగరానికి వచ్చాక ఆ గీతలు గోడల మీద నుంచి పోయి మనసుల్లో దాక్కున్నాయి. ఈ ప్రశ్నలు మీకు మీరే వేసుకోండి. గత ఏడాదిలో సంఘంలో ఎవరెవరి ఇంట్లో భోంచేశారు? మీ ఇంటికి ఎవరిని పిలిచారు? వాళ్లందరూ మీ వాళ్లేనా? పిల్లకు సంబంధం చూసేటప్పుడు "విశ్వాసి అయితే చాలు" అని అయ్యగారికి చెప్పి, పెళ్లిళ్ల పేరయ్యకు ఇంకోటి చెప్పారా? సంఘ పెద్దల పేర్లు వరసగా చదివితే ఏం కనబడుతోంది? జవాబులు చేదుగా ఉంటే కుంగిపోనక్కర్లేదు. ఈ నెలలో ఒక ఇంటికి భోజనానికి వెళ్లండి, ఒక కుటుంబాన్ని పిలవండి. వెళ్లినప్పుడు వాళ్లు పెట్టింది కడుపు నిండా తినండి. "డైటింగ్‌లో ఉన్నామండీ, మంచినీళ్లు చాలు" అనకండి. ఆ మాట వాళ్లకు ఎలా వినబడుతుందో మీకు తెలుసు.

మనస్తాపం వచ్చినప్పుడు

మనస్తాపాలు రాని సంఘం లేదు. ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక అంతా సంతోషమే. అందులోనే పౌలు యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను పేరు పెట్టి, ఒక్క మనసుతో ఉండండమ్మా అని బతిమాలుకున్నాడు. వాళ్లు సువార్త పనిలో తనతో కలిసి కష్టపడ్డవాళ్లని కూడా అక్కడే చెప్పాడు. గొడవ దేనికో రాయలేదు, ఎవరిది తప్పో తేల్చలేదు. పక్కనున్నవాళ్లను సాయం చేయమన్నాడు. రెండు పక్షాలుగా చీలి చప్పట్లు కొట్టమనలేదు.

మన సంఘాల్లో మనస్తాపం ఇప్పుడు వాట్సాప్‌లో పుడుతుంది, వాట్సాప్‌లోనే పెరుగుతుంది. రాత్రి పదకొండింటికి ఒకరు పేరు చెప్పకుండా ఒక వాక్యం పెడతారు. అది ఎవరికోసమో గ్రూపులో అందరికీ అర్థమవుతుంది. ఇద్దరు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. ఒకరు గ్రూపులోంచి వెళ్లిపోతారు. దేవుని వాక్యాన్ని రాయిలా విసరడం వాక్యానికే అవమానం. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరస స్పష్టంగా ఉంది. మొదట నువ్వు, అతను, ఇద్దరే. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకెళ్లు. అప్పటికీ కాకపోతే సంఘానికి చెప్పు. మనం తరచుగా చివరి మెట్టుతో మొదలుపెడతాం.

మొదటి మెట్టు ఎక్కే మాటలు చాలామందికి తెలియవు, అందుకే జంకుతారు. ఇలా అనొచ్చు: "అన్నా, పోయిన ఆదివారం పిల్లల పాట తీసేశారు కదా. మా పాప వారమంతా నేర్చుకుంది, ఇంటికొచ్చి ఏడ్చింది. నాకూ బాధేసింది. ఎందుకు తీసేయాల్సి వచ్చిందో చెబుతారా?" ఇందులో జరిగిన సంగతి ఉంది, మన బాధ ఉంది, అవతలివాళ్లు చెప్పుకోవడానికి చోటుంది. "మీరెప్పుడూ ఇంతే" అన్న మాట లేదు. షిఫ్టు దిగి వచ్చిన రాత్రి మాట్లాడకండి. ఆదివారం అరగంటలోనే పక్కకు పిలిచి, టీ చేతికిచ్చి మాట్లాడండి. చాలాసార్లు సంగతి చిన్నదని తేలిపోతుంది: హాలువాళ్లు టైమ్ అయిందని లైట్లు ఆర్పబోయారు, అంతే.

పెద్దలకు ఇంకో మాట. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, రోజూ జరిగే పంపిణీలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. సణగకండి అని అపొస్తలులు వాళ్ల నోరు మూయించలేదు. ఏడుగురిని ఎంచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఆ పేర్లన్నీ గ్రీకు పేర్లే. ఎవరు బాధపడుతున్నారో వాళ్లవైపువాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. మీ సంఘంలో ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన కూలి కుటుంబాలకు తెలుగు అర్థం కావట్లేదన్న ఫిర్యాదు వస్తే, హిందీలో పది నిమిషాలు చెప్పే బాధ్యత వాళ్లలో ఒకరికే అప్పగించండి.

కొన్ని భేదాలు మాత్రం మాటలతో తేలవు. బాప్తిస్మం ఎలా ఇవ్వాలన్నది అరగంటలో తేలే సంగతి కాదు. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, ఇంకొందరు కలిసి సంఘాల ఐక్యత గురించి మాట మొదలుపెడితే, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. అజరయ్య గారు 1945 జనవరి 1నే చనిపోయారు, ఆ రోజు చూడలేదు. బాప్టిస్టులూ లూథరన్లూ అప్పుడూ చేరలేదు, ఇప్పటికీ విడిగానే ఉన్నారు. ఐక్యతను అంతగా కోరిన మనిషే అంత ఓపిక పట్టారు. మనమూ ఆ వాదనను పక్కన పెట్టి, చిలకరింపు అన్నయ్యా ముంపు తమ్ముడూ కలిసి కుర్చీలు మోయొచ్చు.

పాటల గొడవకు నా దగ్గర తేలికైన ఉపాయం ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కావాలనే పెద్దవాళ్లూ, ప్యాడ్స్, గిటారుతో కొత్త పాటలు కావాలనే పిల్లలూ ప్రతి సంఘంలో ఉన్నారు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) రాసిన కీర్తనలు ఆయన కాలంలో కొత్త పాటలేనని పెద్దలు గుర్తుంచుకోవాలి. కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం రాసి ఉంటాయి, ఆ రాగాన్ని తీసిపారేసి అన్నిటికీ ఒకే బీటు వాయిస్తే పాట చచ్చిపోతుందని పిల్లలు తెలుసుకోవాలి. నెలకో కీర్తన ఒక అమ్మమ్మ చేత యూత్‌కు నేర్పించండి. ఆవిడ పాడుతుంటే కీబోర్డు అబ్బాయి శ్రుతి వెతుక్కుంటాడు. రెండు వారాల్లో ఆ అబ్బాయి ఆవిడను బండి మీద ఇంటి దగ్గర దింపడం మొదలుపెడతాడు.

మంద పెద్దదైనప్పుడు

వందమంది సంఘానికి అరగంట సరిపోతుంది. వేలమంది సంగతేంటి? మన పక్కనే హఫీజ్‌పేటలో కల్వరి టెంపుల్ ఉంది. సతీష్ కుమార్ గారు 2005లో కొద్దిమందితో మొదలుపెట్టిన సంఘం, 2013లో వేలమంది ఒకేసారి కూర్చునే మందిరంలోకి మారింది. ఆదివారం ఆరాధనలు విడతలు విడతలుగా జరుగుతాయి. ఒక విడతవాళ్లు బయటికొస్తుంటే ఇంకో విడతవాళ్లు లోపలికి వెళ్లాలి. అక్కడ ఆగమంటే ఎక్కడ ఆగుతారు?

ఈ ప్రశ్నకు జవాబు ఇళ్లలో దొరికింది. మెథడిస్టు నాయకుడు జాన్ వెస్లీ కాలంలో, 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసిమంది చొప్పున విడదీశారు. వారానికి ఒక్కొక్కరి దగ్గర ఒక పెన్నీ వసూలు చేసే పని ఒకరికి అప్పగించారు. ఆ వసూలుకు ఇంటింటికీ వెళ్లినవాళ్లకు ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో తాగుడు, ఎవరింట్లో తిండి లేదో తెలిసింది. డబ్బు కోసం పెట్టిన ఏర్పాటు మనుషుల్ని పట్టించుకునే ఏర్పాటుగా మారింది. మెదక్ మిషన్‌కు ఆ వెస్లీ వారసత్వమే మూలం. దక్షిణ కొరియాలో సియోల్‌లోని యోయిడో సంఘానిదీ ఇలాంటి కథే. 1958లో గుడారంలో మొదలైన ఆ సంఘం పెరుగుతుంటే కాపరి డేవిడ్ యాంగీ చో అంతా తానే మోయబోయి 1964లో కుప్పకూలిపోయారు. ఊరిని పేటలుగా విడదీసి, ఇళ్లలో కూడికలు పెట్టి, ఎక్కువగా ఆడవాళ్లకు అప్పగించాక సంఘం నిలబడింది, ప్రపంచంలోకెల్లా పెద్దదైంది. 2014లో సంఘం డబ్బు విషయంలో అదే కాపరిని కోర్టు దోషిగా తేల్చిందని కూడా చెప్పకపోతే సగం చెప్పినట్టే. ఎంత పెద్ద సంఘమైనా, ఎంత మంచి కాపరైనా, ఆదాయం ఖర్చు మూడు నెలలకోసారి అందరి ముందూ చదవాలి. డబ్బు మీద అనుమానం పుట్టిన చోట పాట గొంతులోనే ఆగిపోతుంది.

మీరు పెద్ద సంఘంలో ఉంటే మీ అపార్ట్‌మెంట్‌లోనో మీ వీధిలోనో అదే మందిరానికి వచ్చే ఐదారు కుటుంబాలను వెతకండి. నైట్ షిఫ్టులవాళ్లు ఎక్కువుంటే శనివారం పొద్దున్నే షిఫ్టు దిగాక ప్రార్థన పెట్టుకోండి. ఇడ్లీ తిని ఇంటికెళ్లి పడుకోవచ్చు. కింద ఫ్లాటువాళ్లకు ఇబ్బంది కలిగేలా మైకు పెట్టకండి. బండ్లు పక్కవాళ్ల గేటుకు అడ్డం పెట్టకండి. గుడికీ మసీదుకూ వెళ్లే ఇరుగుపొరుగు మీ కూడిక గురించి మంచిమాట చెప్పాలి.

ఉద్యోగం పోయిన వారం

సంతోషం గురించి మాట్లాడితే చాలామంది సంఘాల్లో నవ్వుమొహాలను తలుచుకుంటారు. "ఎలా ఉన్నారు బ్రదర్?" "ప్రభువు కృపలో బాగున్నామండీ." ఆ జవాబు చెప్పిన మనిషికి శుక్రవారమే హెచ్‌ఆర్ మీటింగ్ అయి ఉండొచ్చు. ఐటీ కారిడార్‌లో ఉద్యోగం పోయిన మనిషి మొదట మానేసేది చర్చి. ఈఎంఐ కట్టలేననే భయం కన్నా, సాక్ష్యాల సమయంలో ఇంకొకరు ప్రమోషన్ గురించి చెబుతుంటే కూర్చోలేకపోవడం ఎక్కువ బాధ.

ఫిలిప్పీ పత్రికను పౌలు సంకెళ్లలో ఉండి రాశాడని అందరూ చెబుతారు. ఆ పత్రికలోనే తన జతపనివాడు ఎపఫ్రొదితు చావు అంచుల దాకా వెళ్లిన సంగతి ఉంది, ఆయన పోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదన్న పౌలు మాటా ఉంది. కన్నీళ్లకు చోటున్న సంతోషం అది. మీ సాక్ష్యాల సమయంలో కూడా ఆ చోటు ఇవ్వండి. జవాబు వచ్చిన ప్రార్థనలతోపాటు, ఇంకా జవాబు రాని ప్రార్థన గురించి ఒకరైనా చెప్పాలని అయ్యగారు అడగాలి. మొదట అయ్యగారే చెబితే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది.

ఒకరు రెండు ఆదివారాలు కనబడకపోతే సోమవారం సాయంత్రానికల్లా ఇంటికి వెళ్లండి. ఫోన్ చేస్తే "బాగున్నాం" అంటారు, ఇంటికెళ్తే తలుపు తీసే తీరులోనే తెలిసిపోతుంది. ప్రార్థన చేయండి, తర్వాత రెజ్యూమే అడగండి. సంఘంలో ఇరవై కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఉంటారు, రిఫరల్ ఇవ్వగలిగినవాళ్లు ఉంటారు, ఇంటర్వ్యూకు సాధన చేయించగలిగినవాళ్లు ఉంటారు. పిల్లల ఫీజు కట్టాల్సి వస్తే ట్రెజరర్ గారు, ఒక పెద్ద, ఇద్దరికే తెలిసేలా సాయం చేయండి. వాట్సాప్ గ్రూపులో "మన బ్రదర్ కోసం కానుకలు" అని పెట్టి ఆయన పరువు తీయకండి. ఆ ఇంటికి ఉద్యోగం వచ్చిన రోజున సంఘమంతా నవ్వే నవ్వు చూడండి. సంతోషంగా ఉండమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

వెళ్లిపోయే కుటుంబం

మియాపూర్‌లో మనుషులు నిలకడగా ఉండరు. ఈ ఏడాది మీతో బంతిలో కూర్చున్న కుటుంబం వచ్చే ఏడాది కొల్లూరుకు మారుతుంది, బెంగళూరు వెళ్తుంది, లేదా డాలస్ వెళ్తుంది. "మా సంఘం వదిలేశారు" అని మూతి ముడుచుకునే పెద్దలున్నారు. దూరం వల్ల దగ్గర్లోని ఇంకో సంఘానికి వెళ్తే "గొర్రెల్ని లాక్కున్నారు" అని ఆ కాపరి మీద కోపం పెంచుకుంటారు. మంద మనది కాదు, ప్రభువుది.

కెంక్రేయ సంఘంలో సేవ చేసే ఫీబే రోమాకు వెళ్తున్నప్పుడు, పౌలు అక్కడి సంఘానికి ఆమె గురించి రాశాడు. ఆమెను చేర్చుకోండి, ఆమెకు ఏం కావాలన్నా సాయపడండి, ఆమె చాలామందికి ఆసరాగా నిలిచింది, నాకు కూడా అని. మీరూ ఒక ఉత్తరం రాయండి. "సభ్యులు, కానుకలు సక్రమంగా చెల్లించారు" అని రెండు వాక్యాల కాగితం కాదు. ఈ అక్క సండే స్కూల్లో చిన్నపిల్లలకు చెప్పేదని, ఈ అన్న మైకు బాగుచేయడంలో దిట్టని, వాళ్ల బాబుకు ఆస్తమా ఉందని, వాళ్లింట్లో మొదట నమ్ముకున్నది ఫలానా నాయనమ్మ అని రాయండి. అయ్యగారూ, ఇద్దరు పెద్దలూ సంతకం పెట్టండి. కొత్త ఊళ్లో సంఘం కాపరి నంబరు కనుక్కుని, వాళ్లు దిగకముందే ఫోన్ చేసి, "మా కుటుంబం వస్తోందండీ, మొదటి ఆదివారం ఆశీర్వాదం అయ్యాక ఎవరినైనా వాళ్ల దగ్గరికి పంపండి" అని చెప్పండి. ఆ నెలలోనే మీ హాలుకు కొత్తగా వచ్చే ఇంకో కుటుంబం గురించి అలాంటి ఫోన్ మీకూ రావచ్చు. వచ్చిన వెంటనే ఒకరి పేరు ఆ పనికి రాసి పెట్టండి.